వేడినీటి ఊట చుట్టును వెలసిన ఊరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక ఊరిని తెలిసికొనుటకు రెండు మార్గములు గలవు. ఆ ఊరిని గూర్చి వ్రాసిన పుస్తకమును చదువుట యొకటి. కాలినడకను దాని వీథులలో తిరుగుట రెండవది. బండినెక్కి పోవువానికి గోపురములు మాత్రమే కనబడును. నడచిపోవువానికి గడపలు గూడ కనబడును. ఇంగ్లండు దేశమునందు ఏవన్ నది ఒడ్డున బాత్ అను పట్టణము గలదు. ఆ పేరునకు స్నానమనియే అర్థము. అచ్చటి పౌరులు కొందరు జీతభత్యములు లేకుండ, తుదకు బహుమానమైనను పుచ్చుకొనకుండ, వచ్చిన యాత్రికులను వెంటబెట్టుకొని ఊరంతయు నడిపించి దాని చరిత్రను చెప్పుచుందురు. మేయరు పేర జరుగు ఈ స్వచ్ఛందసేవ బహుకాలమునుండి సాగుచున్నది. గ్రంథాలయములను నడుపువారికి ఇట్టి సేవ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ నడకలో బాటసారికి మూడు ప్రశ్నలు అడుగడుగునను ఎదురగును. ఈ నీట మునిగినవా రెవరు? ఈ మేడలకు ధనమిచ్చినవా రెవరు? వీనిని కాపాడినవా రెవరు?

నడక ఊరినడుమ నున్న ఊటయొద్ద మొదలగును. బ్లాడుడ్ అను రాజకుమారునకు కుష్ఠు సోకగా తండ్రి వెడలగొట్టెననియు, అతడు పందులను కాచుకొనుచు, అవి వేడిబురదలో పొర్లి చర్మరోగమును పోగొట్టుకొనుట చూచి తానును అట్లేచేసి స్వస్థుడయ్యెననియు అచ్చటివారు కథ చెప్పుదురు. ఇది పుక్కిటి పురాణము. శాస్త్రజ్ఞులు చెప్పునది వేరు. దక్షిణమున నున్న మెండిప్ కొండలపై వేలాది సంవత్సరముల క్రిందట కురిసిన వాననీరు సున్నపురాతి పొరలలోనికి ఇంకి, భూగర్భపు వేడిమిచే కాగి, రాతి పగులుగుండ మరల పైకి వచ్చుచున్నది. ముఖ్యమైన ఊటనుండి దినమునకు 11 లక్షల లీటర్లకు పైబడిన నీరు సుమారు 46 డిగ్రీల వేడితో ఉబుకుచున్నది. నేడు గిన్నెలో పట్టిన నీరు, ఈ నడకలో కనబడు కట్టడములన్నింటికంటెను పాతదన్నమాట!

క్రీ. శ. 43లో రోమనులు బ్రిటన్‌పై దండెత్తిరి. అంతకుముందే అచ్చటి ప్రజలు ఈ ఊటను సులిస్ అను దేవతగా కొలుచుచుండిరి. రోమనులు ఆమెను త్రోసివేయలేదు. తమ మినర్వాతో కలిపి సులిస్ మినర్వా యని పిలిచి గుడి కట్టిరి. గుడిప్రక్కన స్నానఘట్టములను నిర్మించిరి. వానిలో పెద్దదాని లోతు 1.6 మీటర్లు. దాని అడుగున పరచిన 45 సీసపు రేకులు నేటికిని అట్లే యున్నవి. మిగిలిన నీటిని ఏవన్ నదికి చేర్చుటకు వారు కట్టిన కాలువ నేటికిని పనిచేయుచున్నది. అయితే కొలను చుట్టును పైకి లేచిన స్తంభములు, విగ్రహములు మాత్రము రోమనులవి కావు. అవి 19వ శతాబ్దివారు చేర్చినవి. మొదళ్లు మాత్రమే ప్రాచీనములు. ఈ భేదమును మార్గదర్శకుడు దాచడు. దాచినచో చరిత్ర కాదు, అలంకారమగును.

ఊటలో భక్తులు వేసిన రోమను నాణెములు 12,000కు మించి దొరకినవి. 1979, 1980 సంవత్సరముల త్రవ్వకములలో మరియొక వింత బయటపడెను. అవి సీసము, తగరము కలిసిన పలుచని రేకులు; వానిపై గీసిన శాపవాక్యములు. అట్టివి సుమారు 130 లభించినవి. ఒకడు తన చేతితొడుగులు పోయినవని మొరపెట్టుకొని, దొంగ మతి, చూపు పోవలెనని వేడుకొనెను. మరియొకడు తన సంచిలోని ఆరు వెండి నాణెములను దొంగిలించినవాడు ఆడుదైనను, మగవాడైనను, బానిసయైనను, స్వతంత్రుడైనను వదలవలదని దేవతను ప్రార్థించెను. గ్రామదేవతకు మ్రొక్కి దొంగను పట్టియిమ్మని మొత్తుకొను పేదవాని గోడు దేశమేదైనను ఒక్కటియే. రాజుల శాసనములు రాతిపై నిలుచును; సామాన్యుని కష్టము ఈ రేకులపై నిలిచినది.

5వ శతాబ్ది ఆరంభమున రోమను ప్రభుత్వము తొలగెను. కాలువలను పూడిక తీయువారు లేకపోయిరి. బురద పేరుకొనెను, కప్పులు కూలెను, వానిపై క్రొత్త యిండ్లు లేచెను. ఊట ఎన్నడును ఆగలేదు. జనులు దానిలో స్నానము మానలేదు. కాని తమ కాళ్లక్రింద నేమున్నదో మరచిపోయిరి. 1727లో వీథిలో మురుగుకాలువ త్రవ్వుచుండగా బంగారుపూత గల మినర్వా కంచుశిరస్సు దొరకెను. 1790లో పునాదులు తీయుచుండగా గుడి ముఖభాగపు శిల్పములు వెలువడెను. తుదకు 1878 మొదలుకొని నగరపు సర్వేయరైన మేజర్ డేవిస్ జరిపిన పనులలో రోమను స్నానశాలలు ఒకటొకటిగా బయటపడెను. 1897లో వానిని ప్రజల దర్శనమునకు తెరచిరి. పూడిక తీయుట మానిన ఊరు తన చరిత్రను తిరిగి చూచుటకు పదునాలుగు శతాబ్దములు పట్టెను.

ఊటకు ఎదుటనే పెద్ద దేవాలయము. క్రీ. శ. 973లో ఎడ్గార్ రాజునకు పట్టాభిషేకము జరిగినది ఈ స్థలముననే, అప్పటి మఠములో. నేటి కట్టడమును 1499లో బిషప్ ఆలివర్ కింగ్ ఆరంభించెను. దాని ముఖద్వారమున కిరుప్రక్కల రాతినిచ్చెనలు చెక్కబడియున్నవి. దేవదూతలు కొందరెక్కుచుందురు, కొందరు తలక్రిందుగా దిగుచుందురు. 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠమును రద్దుచేయగా పైకప్పు సీసమునుగూడ ఊడబెరికిరి. పాడుపడిన గుడికి 17వ శతాబ్ది తొలినాళ్లలోగాని తిరిగి నిండుగ కప్పు పడలేదు.

అచ్చటినుండి పాత కోటగోడ జాడవెంట నడచిన నొక ఆరోగ్యశాల భవనము కనబడును. 18వ శతాబ్దిలో బాత్ ధనికుల విహారస్థలమయ్యెను. రిచర్డ్ నాష్ అనునతడు అచ్చటి సభలకు పెద్దరికము వహించి, నాట్యశాలకు కత్తులు ధరించి రాగూడదనియు, ఎంతటివారికైనను రాత్రి పదునొకండు గంటలకు వాద్యములు ఆగవలసినదే యనియు నియమములు చేసెను. జూదము జోరుగ సాగెను. ఈ వేడుకల నడుమ నీటిచికిత్స కోరివచ్చు బీదరోగులు వీథుల పాలగుచుండిరి. వారికొరకు 1742లో ఈ ఆరోగ్యశాలను తెరచిరి. నాష్ చందాలు పోగుచేసెను. రాల్ఫ్ అలెన్ రాయి ఉచితముగ నిచ్చెను. జాన్ ఉడ్ ప్రతిఫలము లేకుండ నమూనా గీచెను. విలియం ఆలివర్ వైద్యము చూచెను. ఇది వారి కీర్తి. కాని మార్గదర్శకుడు రెండవవైపును గూడ చెప్పును. చేరవచ్చిన బీదవాడు ముందుగ కొంత పైకము ధరావతు కట్టవలెను. అతడు బాగుపడినచో ఇంటికి పోవు ఖర్చునకును, చనిపోయినచో ఖననమునకును అది వినియోగపడును. దయ చూపినవారే లెక్కయు చూచిరి. ఆ ఆరోగ్యశాల 2019లో ఆ భవనమును విడిచి వేరొకచోటికి పోయినది. నాష్ కథ ముగింపు గూడ వినదగినది: జూదముపై చట్టములు వచ్చినపిదప అతడు బీదవాడై, నగరమిచ్చిన నెలభత్యముతో బ్రదికి 1761లో మరణించెను.

ఇక ఎక్కుడు. ఊరు కొండవాలుపై కట్టినది. పై మూడు నిర్మాణములు తండ్రికొడుకులైన ఇద్దరు జాన్ ఉడ్‌ల పని. తండ్రి 1728 మొదలు క్వీన్ చౌకమును కట్టించెను. 1754లో సర్కస్ అను వలయాకారపు వీథిని ఆరంభించి అదే సంవత్సరమున కన్నుమూసెను. కుమారుడు దానిని పూర్తిచేసి, 1767 నుండి 1774 వరకు రాయల్ క్రెసెంట్ అను అర్ధచంద్రాకారపు ముప్పది యిండ్ల వరుసను కట్టెను. రాయి కూంబ్ డౌన్ కొండలలోని అలెన్ గనులది, తేనెరంగు గలది. పట్టాలపై బండ్లు తమ బరువుతోనే పల్లమునకు దిగి రాతిని ఏవన్ ఒడ్డునకు చేర్చుచుండెను. బ్రిస్టల్ నుండి బాత్ వరకు నదిలో పడవలు నడచుటకు 1727లోనే వీలు కలిగినది. ఈ వరుసయిండ్లలో నొక చమత్కారము గలదు. ముఖభాగమును ఉడ్ గీచినట్లే అందరును కట్టవలెను. వెనుకభాగమును ఎవరి యిష్టము వారిది. ముందునుండి చూచినవానికి ఒక్క రాజప్రాసాదము; పెరటినుండి చూచినవానికి ముప్పది కాపురములు!

సర్కస్ వీథిలో 14వ నెంబరు ఇంటిముందు తెలుగువాడు కొంతసేపు నిలువవలెను. అది రాబర్ట్ క్లైవ్ నివసించిన ఇల్లు. 1758లో విజయనగర ప్రభువు ఆహ్వానముపై కర్నల్ ఫోర్డును బంగాళమునుండి తీరాంధ్రమునకు పంపినవాడు అతడే. ఆ సంవత్సరాంతమున చందుర్తి యుద్ధము జరిగెను. 1759లో మచిలీపట్నపు కోట ఫ్రెంచివారి చేజారెను. 1765లో ఉత్తర సర్కారులకు మొగలు చక్రవర్తి షా ఆలమ్‌నుండి ఫర్మానా పొందినదియు క్లైవే. ఆ సర్కారుల పేరు వేరు, ఈ సర్కస్ పేరు వేరు. కాని రెండింటి నడుమ నొక మనిషి నడచెను. ఆకాలమున ఇండియాలో ధనమార్జించి మరలిన కంపెనీ ఉద్యోగులనేకులు బాత్‌లో కాపురముండిరి. కొండపై లాన్స్‌డౌన్ వద్ద 1827లో గోపురము కట్టించిన విలియం బెక్‌ఫర్డ్ సంపద జమైకా చెరకుతోటలలో బానిసల చెమటచే పండినది. తేనెరంగు రాతిలో ఆ చెమట కనబడదు, చెప్పువాడుండిననే తెలియును.

కొండ దిగి న్యూ కింగ్ వీథికి వచ్చినచో 19వ నెంబరు చిన్నయిల్లు. ఇచ్చట విలియం హెర్షెల్ అను సంగీతోపాధ్యాయుడు, చెల్లెలు కరొలీన్ నివసించిరి. పగలు పాఠములు, ప్రార్థనామందిరమున వాద్యసేవ, రాత్రి నక్షత్రములు. దుర్భిణి అద్దములను వారే పోతపోసి వారే సానపట్టిరి. పోతమూసకు గుఱ్ఱపులద్దిని దంచి జల్లించు పనియందు చెల్లెలును చేయి వేసెను. ఒకమారు మూస పగిలి కరగిన లోహము నేలపై పారగా గచ్చురాళ్లు పేలిపోయెను. ఆ గాట్లు నేటికిని చూపుదురు. 1781 మార్చి 13న ఈ పెరటినుండియే హెర్షెల్ యురేనస్ గ్రహమును కనుగొనెను. మేడల ఊరిలో కెల్ల గొప్పపని పెరటిలో జరిగినది.

నడక ఏవన్ ఒడ్డున ముగియును. రాబర్టు ఆడమ్ రచించిన పల్టెనీ వంతెన 1774 నాటికి పూర్తియయ్యెను. దానిపై ఇరువైపుల అంగళ్లు గలవు. వంతెనక్రింద నీరు మెట్లుమెట్లుగా దిగుచుండును. అచ్చట నిలిచి చివరి ప్రశ్నను తలచుకొనవలెను. 1942 ఏప్రిల్ 25 నుండి 27 వరకు జర్మను విమానములు ఈ ఊరిపై బాంబులు కురిపించగా నాలుగువందలకు పైగా జనులు మరణించిరి. సభామందిరము దగ్ధమయ్యెను, దానిని తిరిగి నిర్మించి 1963లో తెరచిరి. కాని శత్రువు పోయినపిదప సొంతవారే గునపము పట్టిరి. పెద్ద మేడలను ఉంచి, పనివారు నివసించిన సామాన్యపు పాతయిండ్ల వరుసలను నగరాభివృద్ధి పేర వరుసగ కూల్చిరి. 1973లో ఆడమ్ ఫెర్గుసన్ ఈ విధ్వంసముపై ఒక పుస్తకము ప్రకటించెను. ఆ పుస్తకమును, పౌరుల ఆందోళనయు ప్రజాభిప్రాయమును మరలించినవి. 1978లో ఊటనీటిలోని సూక్ష్మజీవిచే ఒక బాలిక మరణించగా స్నానములు నిలిపివేయబడెను. పిదప లోతుగ బోరు వేసి శుభ్రమైన నీటిని పట్టిరి. అయినను ప్రజలు తిరిగి ఆ నీట స్నానమాడుట 2006లో గాని సాధ్యపడలేదు. దేవతగా కొలిచిన నీటినైనను పరీక్షించి కాపాడుకొనవలెను. 1987లో నగరము ప్రపంచ వారసత్వపు జాబితాలోనికి చేరెను. 2021లో యూరపునందలి పదునొకండు ప్రసిద్ధ ఊటపట్టణములలో నొకటిగా మరల గుర్తింపు పొందెను.

సభాసదులారా! ఊట దేవతది, గుడి రోమనులది, మేడలు ధనికులవి, చెమట పేరులేనివారిది. ఈ అన్నింటిని కలిపి ఒక ఊరుగా నిలుపుచున్నది జ్ఞాపకము. దానిని ఒకడు నడిచి చెప్పుచున్నాడు. ఒకడు పుస్తకముగా వ్రాసి బీరువాలో పెట్టుచున్నాడు. కాలువ పూడిక తీయువాడు లేనినాడు స్నానశాల మట్టిలో కలిసెను. పుస్తకము తెరచువాడు లేనినాడు గ్రంథాలయమునకును అదియే గతి. ఈ గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పూడిక పడనీయకుండ నిలిచినది. ఇక ముందును పిల్లలు చెరువుకట్టను, గుడిగోడమీది శాసనమును, పాత ధాన్యపుకొట్టును కాలినడకను చూచి, వానినిగూర్చి పెద్దలను ప్రశ్నించి, విన్నదానిని వ్రాసి ఇచ్చట భద్రపరతురుగాక! అప్పుడు ఈ ఊరికి వచ్చు బాటసారికి గడపలు గూడ కనబడును.