మూసిన ట్రైలరులో స్టెప్నీ: ఎక్కడ ఉంచాలి, ఎలా బంధించాలి
(రహదారి భద్రతపై తెలుగు శ్రోతలకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



బతుకుతెరువు కోసం హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన తెలుగువారిలో చక్రాన్ని నమ్ముకొన్నవారు ఎందరో ఉన్నారు. కొందరు వాహనాల కర్మాగారాలలో పనిచేస్తారు. కొందరు అక్కడ తయారైన వాహనాలను దూర ప్రాంతాలకు చేరవేస్తారు. మరికొందరు రహదారి పక్కన టైర్లకు పంక్చర్లు వేస్తారు. 1980లో హోసూరులో అశోక్ లేలాండ్ కర్మాగారం పని మొదలుపెట్టింది. అదే సంవత్సరం టీవీఎస్ 50 మోపెడ్ ఈ ఊరి నుంచే రోడ్డు మీదికి వచ్చింది. ఇటీవల పోచంపల్లి దగ్గర విద్యుత్ స్కూటర్ల కర్మాగారం కూడా వెలసింది. ఇది తెలంగాణలోని చేనేత పోచంపల్లి కాదు, కృష్ణగిరి జిల్లాలో మత్తూరుకు పొరుగున ఉన్న పోచంపల్లి. అందుచేత మత్తూరు, బర్గూరు, శూళగిరి దారులలో నలువైపులా రేకులతో మూసిన పొడవైన ట్రైలర్లు నిత్యం కనబడుతుంటాయి. వాటి లోపల కొత్త కార్లు, కొత్త ద్విచక్ర వాహనాలు ఉంటాయి.

లోపల ఉన్న సరుకును గురించి అందరూ శ్రద్ధ వహిస్తారు. దానికి బీమా ఉంటుంది, లెక్క ఉంటుంది, అప్పగింత పత్రం ఉంటుంది. అదే ట్రైలరులో ఒక మూలన నిలబెట్టిన స్టెప్నీని గురించి మాత్రం అడిగేవారు అరుదు. నేటి ప్రసంగ విషయం ఆ చక్రమే.

స్టెప్నీ అన్న మాట మన నాలుకకు ఎంతగా అలవాటైందంటే అది పరాయి మాటని ఎవరికీ తోచదు. నిజానికి అది ఒక వీధి పేరు. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో వాల్టర్ డేవిస్, టామ్ డేవిస్ అనేవారు గాలి నింపిన టైరుతో, ఆకులు లేని ఒక రిమ్మును తయారు చేశారు. దారిలో టైరు గాలి పోతే దానిని ఆ చక్రానికే బిగించి ప్రయాణం సాగించేవారు. వారి పని స్టెప్నీ వీధిలో సాగింది కనుక ఆ పేరే వస్తువుకు నిలిచింది. ఆపదలో వెంటనే చేతికందడమే ఆ వస్తువు పుట్టుకకు కారణం. చేతికందని స్టెప్నీ ఉన్నా లేనట్టే.

మరి దానిని ట్రైలరు లోపల ఎందుకు ఉంచుతారు? బయట వేలాడదీస్తే ఎండకు రబ్బరు పగుళ్లు బారుతుంది, వానకు రిమ్ము తుప్పు పడుతుంది, రాత్రి బండి నిలిపిన చోట దొంగల భయం ఉంటుంది. లోపల ఉంచడం వలన ఈ మూడు బాధలూ తప్పుతాయి. కాని లోపల ఉంచినంత మాత్రాన పదిలంగా ఉంచినట్టు కాదు. బయటి ప్రమాదాలు తప్పిన చోట లోపలి ప్రమాదాలు మొదలవుతాయి.

కారు చక్రం రిమ్ముతో కలిపి సుమారు 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. పెద్ద లారీ చక్రం ఇంచుమించు 100 కిలోలు ఉంటుంది. కట్టు లేని చక్రం గుండ్రని వస్తువు గనుక దొర్లడానికి తోపు అక్కరలేదు, వాలు చాలు. జాతీయ రహదారి 44 మీద సేలం వైపు పోయే బండి ధర్మపురి జిల్లాలోని తొప్పూరు కనుమ దిగుతున్నదని అనుకోండి. డ్రైవరు గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో బండి ఆగుతుంది, లోపలి చక్రం ఆగదు. అది కొత్త కారు తలుపును పగులగొట్టవచ్చు, వరుసగా నిలిపిన స్కూటర్లను కూల్చవచ్చు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, బండి గమ్యం చేరిన తరువాత తలుపు తెరిచిన మనిషి మీద పడవచ్చు. సరుకు నష్టాన్ని బీమా భరిస్తుంది. కాలు విరిగిన హమాలీ ఇంటికి కూలి ఎవరు తెచ్చిపెడతారు?

కట్టుకు ఎంత బలం ఉండాలో చెప్పే లెక్క ఉంది. అమెరికా రవాణా నియమాల ప్రకారం సరుకును పట్టి ఉంచే కట్టు, ముందు వైపుకు ఆ సరుకు బరువులో 80 శాతం, పక్కలకూ వెనుకకూ 50 శాతం బలాన్ని తట్టుకోవాలి. అంటే 100 కిలోల చక్రానికి వేసిన కట్టు, ముందుకు 80 కిలోల బరువు లాగినా తెగకూడదు, వదులు కాకూడదు. రేకుకు కొట్టిన మేకు, పాత నైలాను తాడు ఇంతటి బలానికి నిలవవు. చక్రాన్ని పట్టే బిగింపు ట్రైలరు చట్రానికో, నేలకింది ఇనుప కమ్మీకో బోల్టులతో దిగాలి. రిమ్ము నడిమి రంధ్రం గుండా బోల్టు దించి, పైన పలక వేసి, నట్టు బిగించడం మేలైన పద్ధతి. బెల్టు వాడేటట్లయితే బిగింపు మర ఉన్న బెల్టునే వాడాలి. దానిని టైరు చుట్టూ చుట్టి వదిలేయకుండా రిమ్ము రంధ్రాల గుండా తీయాలి.

బయలుదేరిన కొద్ది దూరానికే కట్లు కొంత సడలడం సహజం. హోసూరు నుంచి కృష్ణగిరికి సుమారు 50 కిలోమీటర్లు. చెన్నై దారి, సేలం దారి అక్కడ విడిపోతాయి. అక్కడ టీ తాగడానికి ఆగినప్పుడు తలుపు తెరిచి కట్టును ఒకసారి బిగించడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక చోటు సంగతి. వెనుక తలుపు ఒక్కటే ఉన్న పెద్ద కంటైనరులో స్టెప్నీని ముందు గోడకు ఆనించి, దాని ముందు ఆరు కార్లు నిలిపితే, అర్ధరాత్రి టైరు పగిలిననాడు ఆరు కార్లనూ రోడ్డు మీదికి దింపవలసి వస్తుంది. కాబట్టి దానికి వెనుక తలుపు పక్కనే చోటు కేటాయించాలి. ఆ వీలు లేకపోతే సరుకు వెనుక దాచడం కన్నా, చట్రం కింద బోనులో పెట్టి తాళం వేయడమే మంచిది. కారు వెనుక తగిలించి లాగే చిన్న ట్రైలరు సంగతి వేరు. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడితేనే అది ఊగకుండా నడుస్తుంది. బరువంతా వెనుకకు పోతే తోక ఆడిస్తుంది. అందువలన అటువంటి ట్రైలరులో స్టెప్నీని ముందు భాగాన, పక్క తలుపుకు చేరువలో ఉంచాలి. కారు చక్రాన్ని గోడకు బిగించవచ్చు. లారీ చక్రాన్ని మాత్రం నేల మీద పడుకోబెట్టి బిగించాలి. 100 కిలోల చక్రాన్ని ఛాతీ ఎత్తు నుంచి దింపబోయి నడుము పోగొట్టుకొనడం తగదు. జాకీ, వీల్ పానా కూడా చక్రం పక్కనే ఉండాలి.

మూడవది చక్రం ఆరోగ్యం. వాడని టైరు కూడా ముసలిదవుతుంది. బాగున్న టైరు సైతం నెలకు ఒకటి రెండు పి.ఎస్.ఐ. గాలి కోల్పోతుంది. ఏడాదిపాటు చూడని స్టెప్నీ అవసరం వేళకు మెత్తబడి ఉంటుంది. గాలిని ఉదయపు చల్లదనంలో చూడాలి, ఎందుకంటే రేకుల గదిలో ఎండ వేడికి గాలి ఎక్కువున్నట్టు తోస్తుంది. టైరు పక్కభాగంలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఐదేండ్లు దాటితే ఏటా నిపుణునికి చూపించాలి. పదేండ్లు నిండితే గాడులు కొత్తగా కనిపించినా మార్చాలి. పెట్రోలు డబ్బా, నూనె గుడ్డలు దాని దగ్గర ఉంచరాదు. నూనె రబ్బరును తినేస్తుంది, టైరుకు అంటుకొన్న మంట త్వరగా ఆరదు.

చక్రం మార్చవలసి వచ్చినప్పుడు బండిని రోడ్డు అంచుకు తీసి, హెచ్చరిక దీపాలు వెలిగించి, వెనుక దూరంగా మెరిసే త్రికోణం నిలపాలి. జాతీయ రహదారి మీద సహాయానికి 1033, ప్రాణాపాయంలో 112 పిలవవచ్చు. పని ముగిశాక పాడైన చక్రాన్ని ఊరికే లోపలికి విసరకూడదు. స్టెప్నీకి వేసిన కట్టే దానికీ వేయాలి.

చివరగా ఒక పౌర ధర్మం. పనికిరాని టైరును ఇంటి వెనుకనో, కాలువ గట్టుననో పారవేస్తే దానిలో వాననీరు నిలుస్తుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు అది పురిటిగది. నీరు ఎండిపోయినా ఆ దోమ గుడ్లు నెలల తరబడి బతికి, మరుసటి వానకు పొదుగుతాయి. పాత టైరును నీడన, నీరు చేరని చోట ఉంచి, వీలైనంత త్వరగా పాత టైర్లు కొనేవారికి అప్పగించాలి.

బండి యజమాని బిగింపుకు ఖర్చు పెట్టాలి, సరుకెక్కించేవారు స్టెప్నీకి దారి వదలాలి, డ్రైవరు కట్టు చూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన రెండూ వ్యర్థమే. బిగించిన చక్రం, అందే చక్రం, గాలి ఉన్న చక్రం వెంట ఉన్న బండి కోసం ఇంట్లోవారు కొంత నిశ్చింతగా ఎదురుచూడగలరు.