ఆ లెన్సు దేనికి?



"కెమెరాదేముంది, కన్నుండాలి గానీ" అన్న మాటను, ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ ఫొటోగ్రాఫర్లైన మీరు, ఈ నాలుగేళ్లలో ఎన్నోసార్లు వినుంటారు. అందులో నిజం సగమే ఉంది. తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో పలచటి వెలుతురు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. అప్పుడు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే లెన్సు కంటే ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. ఎంత గొప్ప కన్నైనా ఆ తేడాను పూడ్చలేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో పిల్లలకు మేత పెట్టే గూడబాతును ఫోనుతో తీయబోతే, దగ్గరికి వెళ్లేసరికే అది బెదురుతుంది. అక్కడ పొడవాటి లెన్సు వాడటం ఆ పక్షికి మనమిచ్చే మర్యాద కూడా.

ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ మీకు తెలుసు. ఆయన కంటే ముందు తరం వారు గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరేలోగా ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాల్సి వచ్చేది. ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం వెంట ఉండాల్సిందే. 1871లో రిచర్డ్ మాడాక్స్ పొడి పలకకు దారి చూపాక ఆ బరువు దిగింది. తర్వాత ఎక్స్‌పోజర్ సమయమూ తగ్గింది. కదిలే మనుషులూ గుర్రాలూ ఫొటోలోకి రాగలిగారు. సాధనం మారిందంటే తీయగలిగిన ప్రపంచమే మారుతుంది.

ఇక ఆ మాటలో నిజమున్న సగం. 1948 జనవరి 30 రాత్రి, ఢిల్లీలోని బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ గాంధీజీ మరణవార్త ప్రకటిస్తున్నారు. ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ అక్కడున్నాడు. ఆయన చేతిలో చిన్న లైకా. ఫ్లాష్ అంటే ఆయనకు గిట్టదు. వెలుతురు చాలలేదు, ఫొటో మసకగా వచ్చింది. దయచేసి దాన్ని వెతికి, తీరిగ్గా చూడండి. ఈనాటి ఏ కెమెరా అయినా అంతకంటే స్పష్టంగా తీయగలదు. అయినా ఆ చీకటీ, ఆ చెదిరిన ముఖాలూ ఆ రాత్రి దేశం ఎలా ఉందో చెబుతాయి. తన కెమెరా ఎంతవరకు రాగలదో ఆయనకు తెలుసు. చాలావరకు 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కదానితోనే పనిచేసేవాడు. అందుకే ఆ గుంపులో తడుముకోకుండా తీయగలిగాడని నా నమ్మకం.

మీలో చాలామంది వచ్చే నెల నుంచే సంపాదన మొదలుపెడతారు. మొదటి అడ్వాన్సు చేతికి రాగానే కొత్త బాడీకి ఈఎంఐ కట్టాలనిపిస్తుంది. కాస్త ఆగండి. గత ఏడాది తీసిన ఫొటోల ఫైళ్లు తెరవండి. ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎక్కువ తీశారో, ఐఎస్‌ఓ ఎక్కడిదాకా పెంచాల్సి వచ్చిందో, ఎక్కడ చెయ్యి కదిలిందో అందులోనే ఉంటుంది. కొరత కనబడితే ఆ లెన్సును ముందు అద్దెకు తెచ్చి, ఒక పెళ్లో జాతరో తీసి చూడండి. పని జరిగితే అప్పుడు కొనండి, వెనకాడకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అమ్మాయో అబ్బాయో ఇంకో లెన్సు కావాలని అడిగితే, "ఇప్పుడున్న దాంతో ఏ ఫొటో రావట్లేదమ్మా?" అని అడగండి. ఫలానాదని చూపించగలిగితే, మీకు వీలైనంత సాయం చేయండి.