ఆలస్యముగ మరలు యాక్సిలరేటరు

మోటారు సైకిలు కుడిచేతి పిడిని త్రిప్పినచో బండి వేగము పుంజుకొనును. వదలినచో ఆ పిడి తనంతట తాను వెనుకకు మరలి వేగము తగ్గవలెను. త్రిప్పుట మన పని; మరల్చుట స్ప్రింగు పని. ఈ రెండవ పని ఒక్క క్షణము ఆలస్యమైన నేమగునో మేము సఖినేటిపల్లి రేవులో తెలిసికొంటిమి. ఆ ముచ్చటతోనే ప్రసంగమును ప్రారంభింతుము.

అది పుష్యమాసము. నర్సాపురములో ఉదయపు రైలు నందుకొనవలసియుండి, తెల్లవారక పూర్వమే అమలాపురమునుండి బయలుదేరితిమి. వెనుక మా పెద్దక్కగారు, ఆమె యొడిలో సంచి. అంబాజీపేట గడచి, గన్నవరమువద్ద డొక్కా సీతమ్మగారి పేరుగల అక్విడక్టుమీదుగా వైనతేయను దాటి రాజోలు చేరితిమి. దారిలో మలుపులవద్ద పిడి వదలిన పిమ్మట గూడ బండి కొంతదూరము మమ్ము లాగుకొని పోవుచునే యున్నది. చలికి వ్రేళ్లు కొంకరలు పోవుటచే అట్లు తోచుచున్నదని సరిపెట్టుకొంటిమి. ఇట్లు సరిపెట్టుకొనుటయే మా మొదటి తప్పు.

రేవులో అక్కగారిని దించి, పంటునకు వేసిన పలకలమీదికి మొదటి గేరులో బండి నెక్కించితిమి. ఎక్కుటకు కొంచెము వేగము కావలెను గదా, ఇచ్చితిమి. ఎక్కిన వెంటనే పిడి వదలితిమి. మేము వదలితిమి గాని ఇంజను వదలలేదు. ముందు పాలబిందెలతో నిలుచున్న మనిషి ప్రక్కకు దూకెను. అవతలి అంచున ఒక గొలుసు, గొలుసు కావల వసిష్ఠ. క్లచ్చి నొక్కి, రెండు బ్రేకులును పట్టగా, బండి గొలుసునకు జానెడు దూరమున నిలిచినది. అక్కగారు నర్సాపురము చేరువరకు మాతో మాటాడలేదు.

విచిత్రమేమనగా, మధ్యాహ్నము తిరిగి వచ్చి చూడగా పిడి టక్కున మరలుచున్నది! మెకానిక్కు నాలుగు మారులు త్రిప్పి చూచి, "బండికేమీ లేదండి, మీరే గట్టిగా పట్టుకుని ఉంటారు" అనెను. మరునాటి వేకువను మరల అదే జబ్బు. తొమ్మిది గంటలకు మరల నయము. చలిజ్వరమువలె వేళకు వచ్చి వేళకు పోవు ఈ రోగమేమో మాకు మూడు దినములు తెలియలేదు.

నాలుగవనాడు స్నానమునకు పోవుచు, కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టియుండుట చూచితిమి. అప్పుడు జ్ఞాపకము వచ్చినది. పదునైదు దినముల క్రిందట యాక్సిలరేటరు కేబులు బిరుసుగా నున్నదని ఆ సీసాలోని నూనెనే అందులో పోసితిమి. కోనసీమలో కొబ్బరినూనె దేనికి పనికిరాదు? తలకు, దీపమునకు, తలుపు బందులకు అన్నింటికి అదే. కాని అది ఇంచుమించు 24 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువను గడ్డకట్టును. పుష్యమాసపు వేకువను సీసాలో నూనె తెల్లగా పేరుకొనుట ప్రతి యిల్లాలును ఎరిగినదే. సీసాలో పేరుకొనినది కేబులులో పేరుకొనకుండునా? ఎండ యెక్కగనే కరగినది, మెకానిక్కు చేతికి దొరకలేదు.

ఇక బండిలోపలి సంగతి కొంత చెప్పవలెను. పిడినుండి కార్బురేటరు వరకు ఒక గొట్టమువంటి తొడుగు, దానిలో ఉక్కుపోగులు పేనిన సన్నని తీగ. పిడి త్రిప్పినప్పుడు తీగ కార్బురేటరులోని స్లైడును పైకి లాగును. వదలినప్పుడు స్లైడుమీది స్ప్రింగు దానిని క్రిందికి త్రోయును. లాగునది మనుష్యుని చేయి. దానికి బలమునకు కొదువ లేదు గనుక లోపలి బిరుసుదనము చేతికి తెలియనే తెలియదు. త్రోయునది చిన్న స్ప్రింగు. ఏ కొంచెము ఒరిపిడి యున్నను అదియే మొదట ఓడును. కావున లాగునపుడు సులువుగా నున్నదని నమ్మరాదు, వదలినపుడే పరీక్షింపవలెను.

ఆ పరీక్ష ఇంజను ఆపి చేయవలెను. పిడిని పూర్తిగా త్రిప్పి వదలుడు. టక్కుమని మరలవలెను. హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పిమ్మట పూర్తిగా కుడికి త్రిప్పి మరల చూడుడు. ఒకవైపున మాత్రమే మందగించినచో కేబులు ఎక్కడనో నొక్కుకొని యున్నదని గాని, మెలిపడినదని గాని అర్థము. అన్ని వైపులను మందముగా నున్నచో కేబులును పిడివద్ద విడదీయవలెను. అప్పుడు ఉత్తపిడి తేలికగా తిరుగవలెను. తిరుగకున్నచో దోషము పిడిదే. రబ్బరు గ్రిప్పు జరిగి ప్రక్కనున్న స్విచ్చి పెట్టెకు ఒరయుచుండవచ్చును. బండి పడినపుడు హ్యాండిలు కొస వంగియుండవచ్చును. పాత ఇంగ్లీషు బండ్లలో పిడి క్రింద ఒక మర యుండెడిది. దూరప్రయాణములో చేయి నొప్పిపుట్టకుండ పిడి నిలిచిన చోటనే నిలుచుటకై దానిని బిగించెడివారు. అట్టి బండి ఇంటనున్నవారు మొదట ఆ మర వదులు చేసి చూడవలెను. ఆ బండ్లకు తరచుగా నుండిన కార్బురేటరు పేరు 'అమల్'. 1927లో మూడు ఇంగ్లీషు కంపెనీలు కలిసి పెట్టుకొనిన పేరది. మా అమలాపురమునకు దానితో చుట్టరికమేమియు లేదు.

పిడి మంచిదైనచో కేబులు సంగతి. మా ప్రాంతమున దానికి శత్రువులు మెండు. అంతర్వేదివైపు ఉప్పుగాలి, కాలువగట్ల దుమ్ము, వానకాలమున పైకొసనుండి దిగి క్రింది వంపులో నిలుచు నీరు. తీగలో ఒక్క పోగు తెగి లేచియున్నను ఆ కేబులును బాగుచేయ చూడరాదు, మార్చవలెను. తెగిన పోగు తొడుగునకు పట్టినచో బండి పూర్తివేగమున నిలిచిపోవచ్చును. ఖరీదు కొన్ని వందల రూపాయలకు మించదు. తీగ బాగున్నచో పైకొసను ఎత్తిపట్టి, కాగితముతో చిన్న గరాటు చేసి, పలుచని మెషిను నూనెను చుక్కచుక్కగా క్రిందికొసన కనబడువరకు దింపవలెను. లోపల నైలాను పూతగల కొత్తరకపు కేబులునకు ఈ సేవ అక్కరలేదు, బిగిసినచో మార్చుటయే. మేము మాత్రము నూనె కడుగుటకు పూనుకొనక కొత్త కేబులు వేసితిమి.

మిగిలినది కార్బురేటరు. నెలల తరబడి నిలిచిన బండిలో పెట్రోలు ఆరి జిగురై స్లైడునకు పట్టును. దానిని కడుగవలెనే గాని గరుకు కాగితముతో రుద్దరాదు. కడుగునపుడు దాపున దీపము గాని పొయ్యి గాని ఉండరాదు. తిరిగి పెట్టునపుడు స్లైడుమీది గాడి లోపలి మేకునకు సరిపడవలెను, కోసిన వైపు గాలి వచ్చు దిక్కున కుండవలెను. స్ప్రింగును సాగదీసి బలము తెచ్చుట కొందరి అలవాటు. అది రోగమును దాచును, పోగొట్టదు. 2020 ఏప్రిలు నెలలో కాలుష్యపు నిబంధనలు మారినది మొదలు వచ్చిన బండ్లలో కార్బురేటరు స్థానమున ఇంధనమును చిమ్ము ఏర్పాటు వచ్చినది. వానిలో పిడి, కేబులు వరకు మనము చూచుకొని, తక్కినది తెలిసినవారికి వదలుట మంచిది.

బిగించిన తరువాత పిడిలో రెండు మూడు మిల్లీమీటర్ల సడలు ఉంచి, న్యూట్రలులో ఇంజను నడిపి, హ్యాండిలును ఆ కొసనుండి ఈ కొసకు త్రిప్పుడు. ఇంజను మ్రోత పెరుగరాదు. పెరిగినచో కేబులు పొడుగు చాలలేదు, లేదా దారి తప్పినది. దారిలో పిడి మరలకపోయినచో దానితో పెనగులాడవలదు. ముందు క్లచ్చి నొక్కుడు, వెంటనే స్విచ్చి ఆపుడు.

ఆ సీసా ఇప్పటికిని మా యింట నున్నది. బండి దరికి మాత్రము రానీయము. రేవునకు పోయినపుడు అక్కగారు ఒడ్డుననే దిగి, మమ్ము గూడ దిగి బండిని త్రోసికొని రమ్మందురు. కేబులు కొత్తదని ఎంత చెప్పినను వినరు. త్రోసికొనియే ఎక్కించుచున్నాము.