పేరు మీద అంటించిన తెల్లకాగితం



ఏ మాస్టారి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో, ఆయన తన దగ్గరున్న ప్రతి గ్రామఫోను ప్లేటు అట్ట మీదా పాడినవారి పేరు, పక్కన వాయించినవారి పేరు తెలిసినంతవరకు స్వహస్తంతో రాసిపెట్టేవారు. ఈ రోజు విషయాన్ని ఎంచుకోవడానికి ఆ అలవాటే నాకు ప్రేరణ. అమెరికా నల్లజాతి గాయకుల సోల్ సంగీతపు పాత రికార్డుల కోసం ఇంగ్లండు ఉత్తరాది పట్టణాల్లో ఒక తపన పుట్టింది. దాని చుట్టూ వ్యాపారం పెరిగింది. ఆ వ్యాపారంలో గాయకుల పేర్లు ఏమయ్యాయన్నదే నేను చెప్పదలచుకున్న కథ.

మొదలు డెట్రాయిట్‌లో ఉంది. 1959లో బెర్రీ గోర్డీ తన కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పెట్టిన కంపెనీ మోటౌన్‌గా ఎదిగింది. దాని విజయం చూసి అదే ఊళ్లోనూ, చికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్‌లలోనూ ఎన్నో చిన్న కంపెనీలు లేచాయి. ఏడంగుళాల ప్లేటు, నిమిషానికి 45 చుట్లు, రెండు వైపులా రెండు పాటలు. కొన్ని వందలో కొన్ని వేలో అచ్చొత్తి రేడియో స్టేషన్లకూ దుకాణాలకూ పంపేవారు. రేడియోవాళ్లు వేయకపోతే కొద్ది వారాల్లోనే దాని పని అయిపోయేది. మిగిలిన సరుకుకు చిన్న రంధ్రం పొడిచి, పెట్టెల లెక్కన కారుచౌకగా వదిలించుకునేవారు. ఓడిపోయిన ఆ పాటల్లో చాలావాటికి లోపమేమీ లేదు. గెలిచిన పాటలకు వాయించిన చేతులే వీటిలో కొన్నింటికీ వాయించాయి. ప్రచారానికి డబ్బు లేకపోవడం, అదే వారం మోటౌన్ పాట ఒకటి దూసుకుపోవడం, ఇలాంటి కారణాలే ఎక్కువ.

ఇక సముద్రం దాటుదాం. మాంచెస్టర్‌లో 1963లో తెరిచిన ట్విస్టెడ్ వీల్ క్లబ్బులో తెల్లవార్లూ నాట్యం చేసేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కార్మిక కుటుంబాల పిల్లలు. వారమంతా మరల దగ్గర నిలబడ్డ కాళ్లు శనివారం రాత్రి కోసం ఎదురుచూసేవి. వాళ్లకు కావలసింది 1965, 66 నాటి మోటౌన్ వేగం. అయితే దశాబ్దం చివరికి అమెరికాలో సంగీతం మారిపోయింది, ఫంక్ వచ్చి లయ బరువెక్కింది. మాంచెస్టర్ కాళ్లు దానికి ఒప్పుకోలేదు. కొత్త పాట కావాలంటే పాతకాలంలో ఎవరూ విననిదాన్ని వెతికి తేవలసిందే. అరుదైన సోల్ రికార్డు వ్యాపారమంతా ఈ ఒక్క అవసరంలోంచే పుట్టింది.

ఈ సంగీతానికి నార్తర్న్ సోల్ అని పేరుపెట్టినవాడు డేవ్ గోడిన్. 1936లో దక్షిణ లండన్‌లో పుట్టాడు. పిల్లవాడిగా ఉండగా ఐస్‌క్రీం దుకాణంలోని జూక్‌బాక్సులో రూత్ బ్రౌన్ గొంతు విని ఆ సంగీతానికి జీవితాంతం అంకితమైపోయాడు. బ్రిటన్‌లో మోటౌన్ అభిమాన సంఘాన్ని స్థాపించినదీ ఆయనే. గోర్డీ పిలిస్తే 1964లో డెట్రాయిట్ వెళ్లి వచ్చాడు. తర్వాత లండన్‌లో సోల్ సిటీ అనే రికార్డుల దుకాణం నడిపాడు. ఉత్తరాది ఫుట్‌బాల్ అభిమానులు తమ జట్టు వెంట లండన్ వచ్చినప్పుడు ఆ దుకాణంలో దిగేవారు. వాళ్లు అడిగేది కొత్త హిట్లు కాదు, పాత వేగం. అలాంటివాళ్లకు ఏం వినిపించాలో తన దుకాణం కుర్రాళ్లకు గుర్తుండేలా గోడిన్ ‘నార్తర్న్ సోల్’ అన్న మాట వాడాడు. 1970లో బ్లూస్ అండ్ సోల్ పత్రికలోని తన శీర్షికలో రాయడంతో అది లోకానికి తెలిసింది. ఆయన అహింసావాది, యుద్ధసేవకు నిరాకరించినవాడు. ఆయనకు ఈ సంగీతం వినోదం మాత్రమే కాదు, దాన్ని పాడిన మనుషులకు దక్కవలసిన గౌరవానికి సంబంధించిన విషయం కూడా.

1971లో ట్విస్టెడ్ వీల్ మూతపడ్డాక టన్‌స్టాల్‌లోని గోల్డెన్ టార్చ్, బ్లాక్‌పూల్ మెక్కా క్లబ్బులు వెలిగాయి. 1973 సెప్టెంబరులో విగన్ కాసినో అనే నాట్యశాల తన తెల్లవార్ల నాట్యాలను మొదలుపెట్టింది. మద్యం లేదు, నేల మీద జారడానికి టాల్కం పౌడరు. తెల్లవారి బయటికొచ్చేదాకా వాళ్లకు పాటే లోకం. హాలులోనే ఒక పక్క పెట్టెల్లో రికార్డులు పరిచి అమ్మేవారు, మారుబేరం చేసేవారు. డీజేలు అమెరికా వెళ్లి మూతపడ్డ గోదాముల్లో దుమ్ము పీల్చుకుంటూ వేల ప్లేట్లు తిరగేసేవారు. ఫిలడెల్ఫియాలో రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే చేతికి గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ దొరికింది అలాగే. 1965లో వెనకవైపు పాటగా వచ్చి ఎవరూ పట్టించుకోని పాట అది. ఉత్తరాది హాళ్లలో మారుమోగాక 1981లో సాఫ్ట్ సెల్ బృందం దాన్ని మళ్లీ పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేర్చింది. అలా మళ్లీ పాడినప్పుడు రాయల్టీ పాట రాసిన ఎడ్ కాబ్‌కు చెందుతుంది, మొదట పాడిన గొంతుకు కాదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతికి వస్తాను. తన దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేని పాట ఉన్న డీజేకే హాలు నిండేది. పక్కవాడు దాని పేరు తెలుసుకుంటే అమెరికాకు ఉత్తరం రాసి మరో ప్రతి తెప్పించగలడు. అందుకని ప్లేటు మధ్యనున్న చీటీ మీద తెల్లకాగితం అంటించి, ఒక కల్పిత పేరు ప్రకటించేవారు. దీన్నే కవర్-అప్ అన్నారు. జమైకాలో వీధి నాట్యాలకు పాటలు వేసే సౌండ్ సిస్టమ్‌ల వాళ్లు అంతకు ముందే చీటీలను గీకేసేవారు. పాడినవారి పేరు మరుగున పడటం మనకూ కొత్త కాదు: 1949లో ‘మహల్’ సినిమా రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు తెర మీద పాడే పాత్ర పేరు కామిని అని ఉండేది. ఇంగ్లండులో తమ గొంతు మీద వేలమంది నాట్యం చేస్తున్న సంగతి డెట్రాయిట్‌లోనో చికాగోలోనో ఉన్న గాయకులకు తెలియనే లేదు. తెలిసే ఒక్క దారినీ ఆ కాగితం మూసేసింది.

ఫ్రాంక్ విల్సన్ ఉదంతం చూడండి. మోటౌన్‌లో పాటల నిర్మాత. 1965 చివర్లో ‘డు ఐ లవ్ యూ (ఇండీడ్ ఐ డు)’ అనే పాట తానే పాడాడు. మోటౌన్ వారి సోల్ అనే అనుబంధ లేబుల్ మీద సుమారు 250 ప్రతులు వేశారని చెప్తారు. గాయకుడిగా ఉంటావా, నిర్మాతగా ఉంటావా అని గోర్డీ అడిగితే విల్సన్ నిర్మాణాన్ని ఎంచుకున్నాడు. ప్లేట్లు ధ్వంసమయ్యాయి, కొద్ది ప్రతులే తప్పించుకున్నాయి. ఆ పాటను ఇంగ్లండులో ఎడ్డీ ఫాస్టర్ పేరుతో వినిపించారు, ఆ పేరుతోనే దొంగముద్రణలూ వచ్చాయి. అసలు ప్రతికి 2009లో 25,742 పౌండ్ల ధర పలికింది, 2020లో లక్ష పౌండ్లు. విల్సన్ అప్పటికి ఎనిమిదేళ్ల క్రితమే కన్నుమూశాడు.

దొంగముద్రణలు పెరిగేసరికి అసలును పట్టడం ఒక విద్య అయింది. గీతలు ముగిసి చీటీ మొదలయ్యేలోపు ఉన్న నునుపు వలయంలో మాట్రిక్స్ సంఖ్య ఉంటుంది. దాన్ని చేత్తో చెక్కారా, అచ్చు గుద్దారా అని దీపం కింద వాల్చి చూస్తారు. చీటీ కాగితం, అక్షరాల మందం, ప్లేటు పదార్థం వినైలా స్టైరీనా, అన్నీ సాక్ష్యాలే. స్టైరీన్ ప్లేటు మీద అరిగిన సూది పెడితే ధ్వని త్వరగా పాడైపోతుంది. ఇంత శ్రద్ధ చూపేవారిని నేను మనసారా గౌరవిస్తాను. ఆ ప్లేట్లను చెత్తకుప్పలోంచి తీసి నిలిపింది వాళ్లే. వాళ్లు లేకపోతే ఈ పాటలు వినడానికి మనకు మిగిలేవి కావు.

పేర్లు తిరిగి ఇచ్చే పని కూడా ఈ గుంపులోంచే మొదలైంది. 1979లో లండన్‌లో నాట్యాలు ఆరంభించిన ఏడీ క్రాస్‌డెల్ తర్వాత కెంట్ రికార్డ్స్‌తో కలిసి, పాత కంపెనీల టేపులను హక్కుదారుల నుంచి అనుమతి తీసుకుని ప్రచురించాడు. గోడిన్ 1997 నుంచి అదే లేబుల్‌కు నాలుగు సంకలనాలు కూర్చి, వాటికి వ్యాఖ్యలు తానే రాశాడు. నాలుగోది 2004లో వెలువడింది, ఆ అక్టోబరులోనే ఆయన పోయాడు.

నేను అడిగేది మరో అడుగు. బ్రిటన్‌లో చిత్రకారుడి బొమ్మ వేలం దుకాణంలో తిరిగి అమ్ముడైనప్పుడు ధరలో 4 శాతం దాకా కళాకారుడికి (2012 నుంచి వారసులకూ) చెల్లించే చట్టం 2006 నుంచి ఉంది. మన కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ కూడా పదివేల రూపాయలు మించి తిరిగి అమ్ముడైన అసలు బొమ్మలకూ, రాతప్రతులకూ అలాంటి వాటా హక్కునిచ్చింది. రికార్డు ప్లేటు అచ్చొత్తిన ప్రతి కాబట్టి ఈ పరిధిలోకి రాదంటారు. లోకంలో కొద్ది ప్రతులే మిగిలినప్పుడు, లక్ష పౌండ్ల ధర పలికినప్పుడు, అది ఒక ప్రతి మాత్రమేనన్న వాదన నాకు నిలబడేలా కనిపించదు. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. అరుదైన ప్లేట్లు అమ్మే దుకాణాలు, వేలాలు ప్రతి అమ్మకంలో అదే 4 శాతం పక్కన పెట్టి, గాయకుడినో ఆయన పిల్లలనో వెతికి అందజేయవచ్చు. మాట్రిక్స్ సంఖ్యను బట్టి ఏ ఫ్యాక్టరీలో వేశారో కనిపెట్టగలిగినవారికి, ఆ గొంతు ఎవరిదో, వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కోవడం అసాధ్యం కాదు.