హాట్ డాగ్ – ఆరోగ్యము

అమెరికా దేశమున జూలై 4వ తేదీన, స్వాతంత్ర్య దినోత్సవ సందర్భమున, జనులు మిక్కుటముగ భుజించు పదార్థములలో హాట్ డాగ్ ఒకటి. పేరు విని శ్రోతలు శంకింప నక్కరలేదు; ఇందు శునక మాంసము లేదు. పంది, గొడ్డు, లేక కోడి మాంసమును మెత్తగా నూరి, ఉప్పును మసాలాను చేర్చి, గొట్టమువలె చేసి ఉడికించిన సాసేజిని పొడవైన రొట్టె నడుమ నుంచి తిందురు.

ఈ మాంసము చెడకుండుటకు సాధారణముగ సోడియం నైట్రైటును కలుపుదురు. బొట్యులిజమను ప్రాణాంతక వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులను అది అణచును. కనుక దానిని వట్టి దోషముగ నెంచుట న్యాయము గాదని మేము తలంచుచున్నాము. అయితే అదియే మాంసమందలి పదార్థములతో కలిసి నైట్రోసమీనులుగ మారవచ్చును. వానిలో పెక్కు క్యాన్సరు కారకములు. ఇట్టి నిలువ మాంసము పెద్దప్రేగు క్యాన్సరునకు కారణమగునని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. దినమునకు 50 గ్రాములు, అనగా ఇంచుమించు ఒక్క సాసేజి, తినువారికి ఆ ముప్పు 18 శాతము హెచ్చును. నూర్గురిలో ఐదుగురికి రాదగిన వ్యాధి దాదాపు ఆరుగురికి వచ్చునన్నమాట. పొగాకును ఇదే తరగతిలో చేర్చినందున రెండును సమానములని కొందరు భ్రమించిరి. ఆ తరగతి తెలుపునది సాక్ష్యబలమునే గాని అపాయ పరిమాణమును గాదు.

ఉప్పు మాట వేరు. ఒక్క సాసేజిలో సుమారు 500 మిల్లీగ్రాముల సోడియము ఉండును. దినమంతటికిని 2000 మించరాదు. కోడి మాంసముతో చేసినచో కొవ్వు తగ్గవచ్చును గాని, ఉప్పు తగ్గునను నమ్మకము లేదు.

తల్లులు ముఖ్యముగ వినవలసినది మరొకటి కలదు. గుండ్రముగ తరిగిన ముక్క పసిబిడ్డ శ్వాసనాళమును బిరడావలె మూసివేయగలదు. నాలుగేండ్లలోపు బిడ్డలకు పెట్టకుండుటయే మేలు. పెట్టక తప్పనిచో నిలువుగ చీల్చి, సన్నని తునకలుగ కోసి, ప్రక్కన కూర్చుండి తినిపింపవలెను.