తుపాకీ లైసెన్సు ఎవడి తాత ఆస్తీ కాదు

(ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద జరిగిన మండల స్థాయి శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం తుపాకీ లైసెన్సుల రద్దు. కరపత్రంలో ఇది చూసి మా స్కూల్లో ఒక తోటి మాస్టారు నవ్వాడు. "మీవాళ్ళకి ఇళ్ళస్థలాల సంగతే తేలలేదు, తుపాకుల గొడవెందుకండీ?" అన్నాడు. ఇళ్ళస్థలం అడిగిన రోజునే గదా తుపాకీ బయటికొచ్చేది! కూలి పెంచమన్న రోజున, బంజరు మాదన్న రోజున, రచ్చబండ మీద కూర్చున్న రోజున వస్తుంది. మిగతా రోజుల్లో బీరువాలో పడుకుని ఉంటుంది.

నిజం నిజంగా చెప్పుకుందాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపింది గొడ్డళ్ళు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. అక్కడ తుపాకీ పని లేకపోయింది. బీహారు వేరు. 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది తుపాకులతోనే. ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లా ఉంభాలో 2019 జూలై 17న భూమి తగాదాలో పదిమంది గోండు ఆదివాసుల్ని పట్టపగలు కాల్చి చంపారు. మన పల్లెల్లో తుపాకీ చేసే పని ఇంకోటి. పేల్చకుండానే నోరు మూయిస్తుంది.

మా వైపు ఒక ఊళ్ళో కొన్నేళ్ళ కింద జరిగింది చెప్తా. పేరొద్దు, ఊరొద్దు. కూలిరేట్ల మీద మాట్లాడదామని మనవాళ్ళు పదిమంది మోతుబరి ఇంటికెళ్ళారు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. లోపల్నించి డబుల్ బ్యారెల్ తెప్పించి, మంచం మీద ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తా కూర్చున్నాడు. "ఊఁ, చెప్పండ్రా" అన్నాడు. ఎవుడు చెప్తాడు? తిరిగొచ్చేశారు. ఆ ఏడు కూలి పెరగలేదు. స్టేషన్‌కి పోతే అక్కడి సారు అడిగిందేమిటంటే: "కాల్చాడా? లేదుగదా. ఆయన తుపాకీ ఆయన తుడుచుకుంటే కేసేంటయ్యా?"

ఈ ప్రశ్నకి జవాబు మనకి తెలిసి ఉండాలి. నేరం రుజువు కావడం ఒక దారి, లైసెన్సు రద్దు కావడం వేరే దారి. మొదటిది కోర్టుది. రెండోది లైసెన్సు ఇచ్చిన అధికారిది, అంటే కలెక్టర్‌ది. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌ది. మనం ఎంతసేపూ "అరెస్టు చెయ్యాలి, శిక్ష పడాలి" అంటాం. అనాల్సిందే. కానీ శిక్షల సంగతి చూశాం గదా! చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. బాథే కేసులో కింది కోర్టు వేసిన శిక్షలన్నిటినీ 2013లో పాట్నా హైకోర్టు కొట్టేసింది. ఇరవయ్యేళ్ళ కోర్టు తీర్పు కోసం కూర్చుంటే అప్పటిదాకా తుపాకీ ఎవడి ఇంట్లో ఉంటుంది? వాడింట్లోనే!

మన రాజ్యాంగంలో అమెరికాలో మాదిరి ఆయుధం పట్టే హక్కంటూ ఏదీ లేదు. 1878లో తెల్లోడు ఆయుధాల చట్టం తెచ్చాడు. తెల్లవాళ్ళకి మినహాయింపు, నల్లవాళ్ళకి లైసెన్సు. ఆ లైసెన్సు ఏ నల్లవాడికి దొరికిందో వేరే చెప్పాలా? దొరకి, జమీందారుకి, మునసబు కరణాలకి. తర్వాత 1959లో మన చట్టం వచ్చింది, 1962 నుంచి అమల్లోకొచ్చింది. లైసెన్సు కొంతకాలానికే ఇస్తారు. పూర్వం మూడేళ్ళు, 2019 సవరణ తర్వాత అయిదేళ్ళు. అదే సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులు మించి ఉండకూడదు. "మా తాతల నాటి తుపాకీ" అని మీసం దువ్వేవాడికి చెప్పండి, తాతతోపాటే తాత లైసెన్సు పోయింది, నీది నువ్వు మళ్ళీ తెచ్చుకోవాల్సిందే అని.

ఇక సెక్షన్ 17. గుర్తుపెట్టుకోవడం తేలిక. అంటరానితనం నేరమన్న రాజ్యాంగ అధికరణం 17. ఆయుధాల చట్టంలో లైసెన్సు రద్దు సెక్షన్ 17. మన అట్రాసిటీ చట్టంలో ముందు జాగ్రత్త చర్యల సెక్షన్ కూడా 17. జిల్లా విజిలెన్స్ కమిటీ రూలు 17. కారంచేడు జరిగిన తేదీ 17. పిల్లలకి ఎక్కాలు చెప్పేవాణ్ణి, ఇట్లాంటివి నా కంట పడతాయి.

ఆయుధాల చట్టం 17(3) ప్రకారం లైసెన్సుని సస్పెండ్ చెయ్యొచ్చు, రద్దూ చెయ్యొచ్చు. ఎప్పుడు? లైసెన్సుదారుడు ఏ కారణం చేతనైనా దానికి తగడని తేలినప్పుడు. అసలు విషయం దాచి, అబద్ధం చెప్పి లైసెన్సు తెచ్చుకున్నప్పుడు. లైసెన్సు షరతులు మీరినప్పుడు. వీటన్నిటికన్నా మనకి పనికొచ్చేది (బి) క్లాజు: ప్రజాశాంతి కోసం, ప్రజల భద్రత కోసం అవసరమని అధికారి అనుకున్నప్పుడు. చూశారా, "కాల్చినప్పుడు" అని లేదు! కూలి అడగబోయినవాళ్ళ ముందు తుపాకీ తుడవడం ఆ ఊరి శాంతికి భంగమా కాదా? అర్జీలో మనం రుజువు చెయ్యాల్సింది అది. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చడం కూడా 2019 నుంచి విడిగా నేరమే, రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2016 రూల్స్ ప్రకారం నలుగురూ తిరిగే చోట తుపాకీ ఒరలోనో సంచిలోనో ఉండాలి తప్ప చేత్తో ఊపుతూ తిరగకూడదు. చొక్కా కింద రివాల్వరు పెట్టుకుని, మాట్లాడేటప్పుడల్లా చొక్కా పైకి జరిపి చూపించే పెద్దమనుషులు మీకు తెలుసు. చూపించిన తేదీ, చోటు, చూసినవాళ్ళ పేర్లు రాసిపెట్టుకోండి.

ఇంకో మెలిక ఉంది. శాంతిగా ఉంటానని బాండు రాయమని మేజిస్ట్రేటు ఎవడికైనా ఆర్డరు వేస్తే, అంటే మనం బైండోవర్ అంటామే అది, ఆ బాండు గడువున్నంతకాలం వాడు తుపాకీ ఉంచుకోకూడదు. ఆయుధాల చట్టం సెక్షన్ 9 చెప్తోంది. ఊళ్ళో గొడవ జరిగితే పోలీసులు చేసేదేంటి? రెండు వైపులా కేసు అంటారు. మన కుర్రాళ్ళని ఇరవై మందిని తాసీల్దారు దగ్గరికి తోలి బైండోవర్ చేయిస్తారు, అటువైపు పాలేర్లని నలుగుర్ని చేయిస్తారు. తుపాకీ ఉన్న కామందు పేరు మాత్రం ఉండదు! ఎందుకుండదో ఇప్పుడర్థమైందా? ఆయన పేరు ఎక్కితే తుపాకీ దిగుతుంది. అందుకని ఈసారి బైండోవర్ అనగానే మనవాళ్ళని వదలమని బతిమాలడం ఒక్కటే కాదు, తుపాకీవాడి పేరెక్కడని కాగితం మీద అడగండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది సెక్షన్ 107. 2024 జూలై నుంచి కొత్త సంహితలో 126.

ఇప్పుడు మన సొంత చట్టానికొద్దాం. 1989 చట్టం, దానికి 1995లో వచ్చిన రూల్స్. కేసు పెట్టడం, పరిహారం దాకా మనవాళ్ళకి బాగా తెలుసు. రూలు 3 మాత్రం ఎవరూ చదవరు. అందులో ఉన్నది ఇదీ: అత్యాచారం జరిగే ప్రమాదముందని అనిపించిన ప్రాంతాన్ని ప్రభుత్వం గుర్తించాలి. కలెక్టర్, ఎస్పీ అక్కడికెళ్ళి పరిస్థితి చూడాలి. అవసరమనుకుంటే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు రద్దు చేసి, తుపాకుల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. లైసెన్సు లేని నాటు తుపాకుల్ని స్వాధీనం చేసుకోవాలి.

లైసెన్సుల రద్దు ఎవరెవరికి? ఇక్కడ రూలు రాసినవాడికి దణ్ణం పెట్టాలి, ఊరు తెలిసినవాడెవడో రాసినట్టుంది. వాళ్ళకి మాత్రమే కాదు, వాళ్ళ దగ్గరి బంధువులవి, నౌకర్లవి, ఉద్యోగులవి, కుటుంబ స్నేహితులవి కూడా! ఆయుధాల చట్టం కింద ఎవరి లైసెన్సు వాళ్ళదే. అన్న లైసెన్సు పోతే తమ్ముడి తుపాకీ అదే వసారాలో ఉంటుంది. బావమరిది పేర ఒకటి, చేపల చెరువు కాపలావాడి పేర ఒకటి. రూలు 3 ఆ కట్టనంతా ఒకేసారి చూస్తుంది. అందుకని అర్జీలో రెండూ రాయాలి, ఆయుధాల చట్టం 17(3)(బి), అట్రాసిటీ రూల్స్ 3(1)(iii). అయితే మొదటి మెట్టు మర్చిపోవద్దు. రూలు 3 గుర్తించిన ప్రాంతానికే వర్తిస్తుంది. కాబట్టి "మా ఊరిని అత్యాచారాలు జరిగే ప్రాంతంగా గుర్తించండి" అన్నది అర్జీలో మొదటి కోరిక కావాలి, లైసెన్సు రద్దు రెండోది.

అదే రూల్లో ఇంకో మాటుంది: అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకి తుపాకీ లైసెన్సులు ఇవ్వొచ్చని. కుర్రాళ్ళు దీనిమీదే ఎగురుతున్నారు. హక్కుగా అడగండి, కాదనను. కానీ లైసెన్సొస్తే తుపాకీ కొనాలి, తూటాలు కొనాలి, తెల్లారితే మన తుపాకీ మీదే మొదటి కేసవుతుంది. నా వరకు నాకు, వాడి చేతిలోది దించడం ముందు.

అర్జీ పోయాక ఏం జరుగుతుంది? కలెక్టరు పోలీసు రిపోర్టు అడుగుతాడు. రిపోర్టు రాసేది స్టేషన్‌వాళ్ళే, అక్కడే సగం చస్తుంది. అందుకని అర్జీ నకలు ఎస్పీకి, ఎస్సీ కమిషన్‌కి కూడా రసీదు పోస్టులో పంపాలి. తర్వాత లైసెన్సుదారుడికి షోకాజ్ నోటీసిస్తారు. వాడు లాయర్ని పెట్టి జవాబిస్తాడు. ఆ మీదట ఉత్తర్వు. రద్దయితే లైసెన్సు పుస్తకం అప్పగించాలి, తుపాకీ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యాలి. వాడు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన తుపాకీ తిరిగిరాదు, పై అధికారి ఆపమంటే తప్ప రద్దు ఉత్తర్వు అమల్లోనే ఉంటుంది.

జాగ్రత్త పడాల్సింది ఉత్తర్వులో కారణాల దగ్గర. ఎందుకు రద్దు చేశారో రాసి తీరాలని చట్టమే చెప్తోంది. "ఇతని మీద కేసుంది గనక రద్దు" అని ఒక్క ముక్క రాస్తే హైకోర్టులో నిలబడదు. కేసు పెండింగులో ఉన్నంత మాత్రాన లైసెన్సు తియ్యకూడదు, ప్రజాశాంతికి ముప్పేమిటో చూపించాలని అలహాబాదు హైకోర్టు ఎన్నో తీర్పుల్లో అంది. కొందరు ఆఫీసర్లు కావాలనే ఒక్క ముక్క రాస్తారని నా అనుమానం. రద్దు చేశామని మనకి చెప్పుకోవచ్చు, కోర్టు కొట్టేసిందని వాళ్ళకి చెప్పుకోవచ్చు! అందుకని వాస్తవాలు మన అర్జీలోనే గుట్టగా ఉండాలి. ఫలానా తేదీన ఫలానా చోట తుపాకీ చూపించాడు, ఫలానావాళ్ళు చూశారు, ఆ మర్నాటి నుంచి ఎన్ని కుటుంబాలు పనికి పోలేదు, ఎంతమంది పిల్లలు బడి మానారు. బడి హాజరుపట్టీ కూడా సాక్ష్యమే, మాస్టార్లు వినండి.

డిపాజిట్ మాయ ఒకటుంది. ఎలక్షనొస్తే తుపాకులు స్టేషన్‌లో పెట్టమంటారు, అయిపోగానే తిరిగిచ్చేస్తారు. అది రద్దూ కాదు, సస్పెన్షనూ కాదు. ఇందాక చెప్పిన ఊరివాళ్ళు మొదటిసారి అర్జీ పెడితే "తుపాకీ స్టేషన్‌లోనే ఉందిలే" అని పంపేశారు. ఎలక్షన్లయ్యాక మళ్ళీ మంచమెక్కింది. రెండోసారి పదకొండుమంది సంతకాలతో, వేలిముద్రలతో, తేదీలతో పెట్టారు. మూడు నెలలకి ఒకసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీలో మన సభ్యుడొకాయన లేచి అడిగాడు. అప్పుడు షోకాజ్ వెళ్ళింది, లైసెన్సు సస్పెండయింది. రద్దు ఇంకా కాలేదు. మొన్న కూలి మాటలకెళ్ళినప్పుడు ఆయన ఒళ్ళో పేపరుంది, తుపాకీ లేదు. మాట్లాడారు. అడిగినంత రాలేదు గానీ మాట్లాడారు.

కలెక్టరు కదలకపోతే ఆయన పైఅధికారికి కూడా సెక్షన్ 17(6) కింద రద్దు చేసే అధికారముంది. అట్రాసిటీ చట్టం సెక్షన్ 4లో, తన పని కావాలని చెయ్యని ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. ఇది అర్జీ చివర మర్యాదగా గుర్తుచెయ్యండి.

అర్జీ నమూనాలు ఆ బల్ల మీదున్నాయి. భోజనాల లోపు ఊరికొకరు వచ్చి తీసుకోండి. మీ ఊళ్ళో ఎన్ని తుపాకులున్నాయి, ఎవరెవరి పేర ఉన్నాయి, ఆఖరిసారి ఎప్పుడు బయటికొచ్చాయి, చీటీ మీద రాసి సాయంత్రం నాకివ్వండి. రాయడం రానివాళ్ళు చెప్పండి, మా టీచరమ్మలు రాస్తారు. ఎన్ని లైసెన్సులున్నాయో సమాచార హక్కు కింద కలెక్టరాఫీసుని అడిగే దరఖాస్తు నేను పెడతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, ఎన్ని తేడా వస్తాయో.