ద్వీపాంతరవాసము - మాతృభాష



మన యూరి పిల్లలు పలువురు నేడు విదేశములకు పోవుచున్నారు. పరదేశవాసమెట్టిదో మారిషస్ తెలుగువారి చరిత్ర చక్కగా బోధించును. 1835లో నచట బానిసత్వము రద్దుకాగా, చెరకుతోటలకు కూలీల యవసరము మిక్కుటమయ్యెను. అయిదేండ్ల యొడంబడికపై ఓడలెక్కినవారిలో మన గోదావరీముఖమునందలి కోరంగి రేవునుండి పోయినవారును గలరు. అందుచేతనే తెలుగువారికచట 'కోరంగీలు' అను పేరు కలిగెను.

పొరుగువారితో మెలగుటకు వారు క్రియోలు భాష నేర్చిరి, నేర్వక తీరదు. క్రమముగా నదియే పెక్కిండ్లలో నింటిభాషయు నయ్యెను. అయినను వారు రామభజనము మానలేదు. సింహాద్రి అప్పన్నను మరువలేదు. ఉగాది యచట ప్రభుత్వపు సెలవుదినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలా ద్వీపముననే జరిగినవి.

దీనివలన మనము గ్రహింపవలసినదేమి? పరభాష నేర్చుట ద్రోహము కాదు. కాని పండుగ నిలిచినను పలుకు నిలువనిచో, మనుమడు తాతతో మాటాడజాలడు.

కావున పయనమగు యువకులారా! అచటి భాష నేర్వుడు; అచటివారిని గౌరవింపుడు. ఇంటివారితో మాత్రము, జాబులోనైనను ఫోనులోనైనను, తెలుగే వాడుడు. తల్లిదండ్రులారా! వేషము మారెనని బిడ్డలను నిందింపకుడు. వారి పెట్టెలో నొక శతకముంచి పంపుడు. అది కొన్న ప్రతి కావలెను గాని, మన గ్రంథాలయపు ప్రతి కారాదు సుమా!

స్వస్తి.